వైద్యుని అలసట ఎవరి బాకీ?

ఇతరుల ప్రాణాలు కాపాడే పనిలో ఉన్న మనిషికి అలసిపోయే హక్కు ఉందా? ఈ ప్రశ్న వినగానే మనలో చాలామంది "ఎందుకుండదు, ఆయనా మనిషే కదా" అంటారు. కానీ అర్ధరాత్రి వేళ బిడ్డకు జ్వరం నూట నాలుగు దాటి దవాఖానాకు పరుగెత్తినప్పుడు, బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్న డ్యూటీ డాక్టరు కనబడితే మన నోటి నుండి వచ్చే మాట వేరుగా ఉంటుంది. జీతం తీసుకుని నిద్రపోతున్నాడని అంటాం. ఆయన ఆ కుర్చీలో ఎన్ని గంటల నుండి కూర్చున్నాడో అడగాలన్న ఆలోచన ఆ క్షణంలో ఎవరికీ రాదు. రావాలని మేము కూడా అనడం లేదు. బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే తల్లిదండ్రులు లెక్కలు చూడరు. అయితే ఇల్లు చేరి, జ్వరం తగ్గి, మనసు కుదుటపడ్డ తరువాతైనా ఆ లెక్క చూడవలసిన బాధ్యత మనకు లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ రకమైన అలసటకు వైద్యలోకంలో 'బర్న్‌అవుట్' అని పేరు. మన భాషలో చెప్పాలంటే, నూనె అయిపోయాక వత్తి తనను తాను కాల్చుకునే దీపం లాంటి స్థితి అది. కాసేపు వెలుగు కనిపిస్తుంది, కానీ కాలుతున్నది నూనె కాదు. ఈ మాటను 1974లో న్యూయార్కుకు చెందిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త వైద్యగ్రంథాలలోకి తెచ్చారు. ఆయన దీనిని గమనించింది జీతం కోసం పనిచేసే వారిలో కాదు, బీదలకు ఉచితంగా సేవ చేసే ఒక క్లినిక్ స్వచ్ఛంద సేవకులలో. పనిదొంగకు ఈ జబ్బు రాదు. మనసు పెట్టి చేసేవాడే ముందు కాలిపోతాడు. ఆ తరువాత క్రిస్టినా మస్లాక్ అనే పరిశోధకురాలు దీనికి మూడు లక్షణాలు చెప్పారు: మనసు పూర్తిగా ఇంకిపోవడం, ఎదుటి మనిషి మనిషిలా కాక ఒక వస్తువులా కనిపించడం, తాను చేస్తున్న పనికి విలువే లేదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని తన వ్యాధుల జాబితాలో ప్రస్తావిస్తూ, ఇది జబ్బు కాదని, అదుపు చేయకుండా వదిలేసిన పనిచోటి ఒత్తిడి ఫలితమని స్పష్టం చేసింది. ఈ తేడా చిన్నది కాదు. జబ్బయితే మందు ఆ మనిషికి వేయాలి. పనిచోటిది అయితే మందు వేయవలసిన చోటు వేరు.

ఇక మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతానికి వద్దాం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు 2008లో రిమ్స్ వచ్చింది. కరీంనగర్ చుట్టుపక్కల రెండు ప్రైవేటు వైద్య కళాశాలలు 2000ల తొలి ఏళ్ళలోనే మొదలయ్యాయి. 2021 వరకు ఈ రెండు ఉమ్మడి జిల్లాలకూ కలిపి ప్రభుత్వ వైద్య కళాశాల ఆ ఒక్క రిమ్సే. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో కొత్తవి తెరుచుకున్నాయి. అంటే రెండేళ్ళలో ఒకటి కాస్తా ఎనిమిది అయింది. దీన్ని మేము తప్పు పట్టడం లేదు. మన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఇంటికి దగ్గరలో డాక్టరు చదువు చదవగలుగుతున్నారంటే అది అల్లాహ్ అనుగ్రహమే. ఒకప్పుడు ప్రతి పెద్ద రోగానికీ వరంగల్, హైదరాబాదు దారి పట్టిన కుటుంబాల గోస తెలిసినవారు ఈ మార్పును చులకన చేయరు.

కాని భవనం కట్టడానికి రెండేళ్ళు చాలు. ప్రొఫెసరు తయారు కావడానికి చాలవు. ఎం.బి.బి.ఎస్.కు ఐదున్నరేళ్ళు, పీజీకి మూడేళ్ళు, సీనియర్ రెసిడెంటుగా ఏడాది, అసిస్టెంట్ ప్రొఫెసరుగా నాలుగేళ్ళు, అసోసియేట్‌గా మూడేళ్ళు. అన్నీ అనుకున్నట్టు సాగితేనే పదహారు, పదిహేడేళ్ళు పడుతుంది. ఒక్కో కళాశాలలో ఏటా వందమంది, కొన్నిచోట్ల అంతకు మించి పిల్లలు చేరుతుంటే, వారికి చదువు చెప్పవలసిన వారు మాత్రం ఆ వేగంతో పుట్టుకురారు. 2025లో జాతీయ వైద్య కమిషన్ అధ్యాపకుల కొరత, ఇతర లోపాల గురించి తెలంగాణలోని అనేక ప్రభుత్వ వైద్య కళాశాలలను సంజాయిషీ అడిగింది. ఖాళీ కుర్చీ పని తానుగా చేసుకోదు కదా! ఆ పని పక్క కుర్చీలో ఉన్నవాడి నెత్తిన పడుతుంది.

వైద్య కళాశాల అధ్యాపకుని పని ఒకటి కాదని బయటివారికి తెలియదు. పొద్దున తరగతి, ఆ వెంటనే ఓపీ, వార్డు రౌండు, మంచం పక్కన నిలబడి విద్యార్థులకు నేర్పడం, ఆపరేషన్లు, పరీక్ష పేపర్లు, తనిఖీ బృందాలకు చూపవలసిన రికార్డులు, రాత్రి ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావడం. ఒకే మనిషి వైద్యుడు, పంతులు, గుమాస్తా. వానాకాలంలో మలేరియా, డెంగీ జ్వరాలు మొదలైతే ఆదిలాబాద్ వార్డులలో మంచాలు చాలవు. ఉట్నూరు, నార్నూరు గూడేల నుండి వచ్చేవారు సరే, సరిహద్దు దాటి మహారాష్ట్ర పల్లెల నుండి కూడా వస్తారు. వచ్చినవారిని కాదనరాదు, కాదనడం లేదు కూడా. స్టాఫ్ నర్సులది ఇంకా గట్టి కష్టం. డాక్టరు రౌండు ముగించి వెళ్తాడు, నర్సు మాత్రం ప్రతి సెలైను సీసా ఖాళీ అయ్యే క్షణం దాకా అక్కడే ఉండాలి. గూడెంలో వాగు దాటి వెళ్ళే ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల సంగతి రాయాలంటే వేరే వ్యాసమే కావాలి.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 1992 నాటి కేంద్ర ప్రభుత్వ ఆదేశం రెసిడెంటు డాక్టర్ల పనిని మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటరాదంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం వారానికి 74 గంటలు మించరాదని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్ళలో మన ఆశ ఎటువైపు నడిచిందో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. అదే కార్యదళం జరిపిన ఆన్‌లైన్ సర్వేలో 25 వేలకు పైగా ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు, ఐదు వేలకు పైగా పీజీలు, ఏడు వేల మంది దాకా అధ్యాపకులు పాల్గొన్నారు. ఎం.బి.బి.ఎస్. వారిలో 27.8 శాతం, పీజీలలో 15.3 శాతం తమకు మానసిక సమస్య ఉన్నట్టు వైద్యులు నిర్ధారించారని చెప్పారు. బాధలో ఉన్నవారే ఇలాంటి సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారేమో అనుకుందాం. అందులో సగం తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు.

2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో సుదీర్ఘమైన డ్యూటీ మధ్య కాస్త విశ్రాంతి కోసం సెమినార్ హాలులో పడుకున్న ఒక వైద్యురాలిపై జరిగిన ఘోరం దేశాన్ని కదిలించింది. తెలంగాణలోనూ జూనియర్ డాక్టర్లు ఓపీ సేవలు నిలిపివేసి నిరసన తెలిపారు. నేరస్థుని శిక్ష గురించి అందరూ మాట్లాడారు, మాట్లాడవలసిందే. ఆ అమ్మాయికి నడుం వాల్చుకోవడానికి తలుపు గడియ పడే ఒక గది ఎందుకు లేదన్న మాట మాత్రం కొద్దిరోజులకే చల్లబడింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. సేవ ఆరాధన వంటిదైతే, ఆరాధనలో అలసటకు చోటుందా?

హజ్రత్ అనస్ (రజి) ద్వారా ఒక సంఘటన మనకు చేరింది. దైవప్రవక్త (స) మస్జిదులోకి వచ్చినప్పుడు రెండు స్తంభాల మధ్య ఒక తాడు కట్టి ఉండటం చూశారు. ఇదేమిటని అడిగితే, అది జైనబ్ (రజి) కట్టుకున్న తాడని, నమాజులో నిలబడి నిలబడి అలసిపోయినప్పుడు ఆమె దాన్ని పట్టుకుంటారని చెప్పారు. ఆయన (స) ఆ తాడును విప్పించారు. ఒంట్లో ఉత్సాహం ఉన్నంతవరకే నమాజు చేయాలని, అలసిపోతే కూర్చోవాలని బోధించారు. ఆ తాడు కట్టుకున్నది భక్తితో. ఆమె ఉద్దేశ్యాన్ని ఎవరు శంకిస్తారు? అయినా తాడు విప్పబడింది. నేడు మన దవాఖానాలలో ఇరవైనాలుగు, ముప్పై గంటలు నిలబడే జూనియర్ డాక్టరు పట్టుకున్న తాడేమిటి? కప్పు మీద కప్పు టీ. కొందరి విషయంలో అంతకంటే చెడ్డవి కూడా. తేడా ఏమిటంటే, ఆ తాడును ఆమె స్వయంగా కట్టుకున్నారు, ఈ తాడును మనం కట్టాం.

మరొక విషయం చూడండి. హజ్రత్ అబూ బక్రా (రజి) సిజిస్తాన్‌లో ఖాజీగా ఉన్న తన కుమారునికి ఉత్తరం రాస్తూ, కోపంలో ఉన్న న్యాయమూర్తి ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని గుర్తుచేశారు. హదీసులో ఉన్నది కోపం ఒక్కటే. అయితే ధర్మశాస్త్రవేత్తలు దాని కారణాన్ని వెదికారు. కోపం బుద్ధిని చెదరగొడుతుంది కనుక వద్దన్నారు. అలాగైతే బుద్ధిని చెదరగొట్టేవన్నీ ఆ ఆదేశం కిందికే వస్తాయి కదా అని ఆకలిని, దాహాన్ని, నిద్రమత్తును కూడా అందులో చేర్చారు. రెండు ఎకరాల పొలం తగాదాలో నిద్రమత్తులో ఉన్న ఖాజీ తీర్పు చెప్పకూడదు. మరి మత్తుమందు మోతాదు నిర్ణయించేవాడు? రాత్రి మూడింటికి రక్తం గ్రూపు చీటీ చదివే నర్సు? ఒక పొలం గట్టు కంటే ఒక ప్రాణం చిన్నదా? ఈ పోలికను కొనసాగిస్తే, వైద్యునికి విశ్రాంతి అనేది ఆయనకు మనం చేసే దయ కాదని తేలుతుంది. అది రోగి హక్కులో ఒక భాగం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. ఖాజీకి నిద్ర వస్తే తీర్పు రేపటికి వాయిదా వేయవచ్చు, పురిటినొప్పులు వాయిదా పడవు. ఆసిఫాబాద్‌లో ఉన్న ఆ ఒక్క డాక్టరు పడుకుంటే, వాంకిడి నుండి 108లో వచ్చిన గర్భిణి ఎక్కడికి పోవాలి? విశ్రాంతి వైద్యుని హక్కు, చికిత్స ఆమె హక్కు. ఇద్దరిలో ఎవరిని కాదందాం? ఆ రాత్రి, ఆ గడప దగ్గర అయితే జవాబు ఒక్కటే: డాక్టరు లేవాలి. లేవకపోతే దోషమే. ఒక ప్రాణం నిలపడం మానవాళి ప్రాణం నిలపడంతో సమానమన్న ఖుర్ఆన్ బోధ ఆ గడప దగ్గర నిలిచిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది.

కానీ ఆ రాత్రి అక్కడ ఒక్క డాక్టరే ఎందుకున్నాడన్నది ఆ రాత్రి ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పవలసింది ఆయన కాదు. మన షరీఅత్‌లో 'ఫర్జె కిఫాయా' అని ఒకటుంది. కొందరు నెరవేరిస్తే అందరి మీది భారం దిగిపోతుంది, ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులవుతారు. జనాజా నమాజు దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ. ఇమామ్ గజాలీ (రహ్మ) తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో వైద్యవిద్యను ఈ కోవలోనే లెక్కించారు. అంతేకాదు, ఎన్నో ఊళ్ళలో ముస్లిం వైద్యుడే లేడని, అయినా జనం పేరు, పదవి తెచ్చే వాదవివాదాల చదువు చుట్టూనే మూగుతున్నారని ఆయన తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే ఫిర్యాదు చేశారు. మేము దీన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోతాం. కొందరు నెరవేరిస్తే చాలన్నప్పుడు, ఆ 'కొందరు' పనికి సరిపడా ఉండాలి. జనాజాను మోయడానికి నలుగురు కావలసిన చోట ఒక్కడిని నిలబెట్టి, మిగతావారం బాధ్యత తీరిపోయిందని ఇంటికి వెళ్తే తీరినట్టా? ఆ ఒక్కడి భుజం విరిగితే 'ఎంత త్యాగం' అని మెచ్చుకుంటాం. ఆ మెప్పుతో మన బాకీ చెల్లదు.

సహనం గురించి కూడా ఒక మాట చెప్పాలి. అలసిపోయామన్న డాక్టర్లకు, నర్సులకు పైవారు ధ్యానం క్లాసులు పెట్టిస్తారు, మనవాళ్ళు 'సబ్ర్ చెయ్యండి' అంటారు. రెండూ ఒకటే ధోరణి. సబ్ర్ గొప్ప గుణమే. అయితే అది కష్టంలో ఉన్నవాడు తనకు తాను చెప్పుకోవలసిన మాట, కష్టం పెట్టినవాడు ఎదుటివాడికి చెప్పే మాట కాదు. హజ్రత్ అబూజర్ (రజి) తమ సేవకునికి తాము తొడిగిన బట్ట లాంటిదే తొడిగించేవారు. ఎందుకని అడిగితే ఆయన వినిపించిన హదీసులో, మీ చేతి కింద ఉన్నవారి మీద శక్తికి మించిన పని మోపవద్దని, మోపవలసి వస్తే మీరూ చేయి వేయమని ఉంది. ఆ మాటను దైవప్రవక్త (స) మోసేవారితో అనలేదు, మోపేవారితో అన్నారు.

ఇదంతా కొత్తకాలపు సుకుమారం అనుకునేవారికి ఒక పాత సంగతి చెప్తాం. క్రీ.శ. 982లో బగ్దాద్‌లో అదుదుద్దౌలా పేరిట పెద్ద దవాఖానా తెరిచినప్పుడు అందులో ఇరవైనలుగురు వైద్యులుండేవారని చరిత్రకారులు రాశారు. వారిలో బఖ్తీషూ వంశానికి చెందిన జిబ్రాయీల్ అనే ప్రసిద్ధ వైద్యుని డ్యూటీ వారానికి రెండు పగళ్ళు, రెండు రాత్రులు అని కూడా నమోదైంది. అది తేలిక పనేమీ కాదు. కానీ దానికి హద్దు ఉంది, ఆ హద్దు కాగితం మీదికి ఎక్కింది, ఆయన వెళ్ళాక మరొకరు వచ్చేవారు. దానికి వంద ఏళ్ళ ముందే రుహావీ అనే వైద్యుడు 'అదబుత్తబీబ్' అనే గ్రంథంలో వైద్యుడు తన శరీరాన్ని ఎలా కాపాడుకోవాలో ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశాడు. రోగి గురించిన పుస్తకంలో ఆ అధ్యాయానికి పనేమిటని ఆయన అనుకోలేదు.

అలసట పేరు చెప్పుకుని పని ఎగ్గొట్టేవారు లేరా? ఉన్నారు. సంతకం పెట్టి, సొంత క్లినిక్కుకు పోయేవారి గురించి మనకందరికీ తెలుసు. అది అమానతులో ఖియానత్, దానికి వేరే పేరు లేదు. వారి వల్లనే 2025 మే నుండి వైద్య అధ్యాపకులకు ముఖాన్ని గుర్తించే హాజరు పద్ధతి వచ్చింది. మంచిదే. కాని ఆ యంత్రం ముఖం వచ్చిందా లేదా అన్నదే చూస్తుంది. ఆ ముఖం ఎన్ని రాత్రులుగా నిద్ర ఎరుగదో చూడదు. పైగా ఒకడు పోయిన చోట మిగిలిన ఇద్దరి మీద పడే బరువు ఏ రిజిస్టరుకూ ఎక్కదు. పనిదొంగను పట్టుకోవాలన్న కోపంలో పనిమంతుణ్ణి శిక్షించడం మన దఫ్తర్లకు పాత అలవాటే.

దీని ఫలితం చివరికి ఎవరి ఒంటి మీద కనిపిస్తుందో చూడాలంటే మన కరీంనగర్‌నే చూడవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కరీంనగర్ జిల్లా కాన్పులలో 80 శాతానికి పైగా సిజేరియన్లేనని తేలింది. రాష్ట్రం మొత్తం మీద అది దాదాపు 61 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ప్రైవేటువారి లాభాపేక్ష ఉంది, మంచి గడియ చూసి కోత పెట్టించుకునే కుటుంబాలున్నాయి, నొప్పులంటే భయం ఉంది. అలసట కూడా అందులో ఒకటని మా అభిప్రాయం. మామూలు కాన్పుకు కావలసింది గొప్ప యంత్రం కాదు, తల్లి చేయి పట్టుకుని పది పన్నెండు గంటలు పక్కన కూర్చోగల ఒక నర్సు. కోతకు గంట చాలు. కూర్చోవడానికి మనిషి లేని చోట కత్తికి పని పెరుగుతుంది.

ఇంకా లోతైన నష్టం విద్యార్థులది. పాఠం పుస్తకంలో ఉంటుంది, నడవడిక గురువులో ఉంటుంది. అలసి ఎండిపోయిన గురువు "పన్నెండో నంబరు మంచం" అంటే, పద్దెనిమిదేళ్ళ పిల్ల కూడా అదే నేర్చుకుంటుంది. ఆ మంచం మీది ముసలావిడకు ఒక పేరుందని, ఆమె చెన్నూరు నుండి రెండు బస్సులు మారి వచ్చిందని ఆ పిల్లకు చెప్పడానికి గురువుకు రెండు నిమిషాలు కావాలి. ఆ రెండు నిమిషాలు ఆయన దగ్గర లేవు. ఇలా తయారైన డాక్టర్లు రేపు మన ముందు కూర్చుంటారు. అప్పుడు 'నేటి డాక్టర్లలో మానవత్వం లేదు' అని మనమే అంటాం.

ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వం చేయాలి: ఖాళీలు నింపాలి, పని గంటలకు హద్దు పెట్టాలి, పడుకోవడానికి గది ఇవ్వాలి. అయితే ఈ పత్రిక చదివేది మంత్రులు కాదు, మన కుటుంబాలు. కనుక ఇంటి సంగతి మాట్లాడదాం. రోగిని పరామర్శించడం సున్నత్. ఆ సున్నత్ పేరిట పదిహేను మంది ఒకేసారి వార్డులోకి వెళ్ళి, ఒకరి తరువాత ఒకరు అదే నర్సును అదే ప్రశ్న అడగడం సున్నత్ కాదు. ఇయాదత్ క్లుప్తంగా ఉండాలని పెద్దలు ఊరికే చెప్పలేదు. ఇంటి నుండి ఒకరు మాట్లాడితే చాలు. ఇక కుటుంబంలో ఒక పిల్లవాడు డాక్టరయ్యాడంటే, రాత్రి పదకొండింటికి ఫోనులో రిపోర్టుల ఫోటోలు పంపే ఖాలాలు, చాచాలు ఎంతమందో! 'మనవాడే కదా' అంటాం. మనవాడు కాబట్టే వాడికి నిద్ర అక్కరలేదన్నట్టు.

ప్రాణం పోయిన దుఃఖంలో డాక్టరు మీద చేయి చేసుకోవడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అది జుల్మ్. 2008 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం నేరం కూడా. అలాంటి గొడవ జరిగిన వార్డులో ఆ తరువాత ఎవరూ కష్టమైన కేసు ముట్టరు. "హైదరాబాదు తీసుకుపొండి" అని చీటీ రాసిస్తారు. దారిలో పోయే ప్రాణం ఎవరిదో మరి.

చివరిగా, కొత్త కళాశాలలు వచ్చిన ఊళ్ళవారికి ఒక విన్నపం. నిర్మల్‌కు రైలు లేదు. ఆసిఫాబాద్‌కు స్టేషను ఉన్నా ఊరికి దూరం. అక్కడికి పోస్టింగు వచ్చిన డాక్టరమ్మ చంటిబిడ్డతో దిగినప్పుడు అద్దెకు ఇల్లు దొరకదు, నమ్మకమైన ఆయా దొరకదు, ఆమె నైట్ డ్యూటీకి పోతే 'రాత్రిళ్ళు తిరిగే ఆడది' అని గుసగుసలు మాత్రం దొరుకుతాయి. ఆరు నెలలు చూసి బదిలీ పెట్టుకుంటుంది, ఆమె కుర్చీ మళ్ళీ ఖాళీ అవుతుంది. ఆమె ఏ మతస్థురాలైనా కావచ్చు. మీ మొహల్లాలో మేడ మీద గది ఖాళీగా ఉంటే ఆమెకు ఇవ్వండి. నైట్ డ్యూటీ నుండి వచ్చి పడుకున్న పగటిపూట, ఆ తలుపు దగ్గర పిల్లలు గోల చేయకుండా చూడండి. రమజాను నెలలో మస్జిదు నుండి ఇఫ్తారీ పళ్ళేలు వీధి వీధికీ పంపుతాం కదా, దవాఖానాలో ఆ వేళకు డ్యూటీలో ఉన్న నర్సులకు, ఆయాలకు, వార్డు బాయ్‌లకు ఒక పళ్ళెం పంపడానికి ఏ కమిటీ తీర్మానమూ అక్కరలేదు.